పదిన్నర బస్సువాళ్ళ చీటీలు

1997 ఎండాకాలంలో సొన్నమ్మకు కుడి డొక్కలో నొప్పి మొదలైంది. తిన్న గంటకల్లా వచ్చేది. వచ్చిందంటే కూర్చోనిచ్చేది కాదు, పడుకోనిచ్చేది కాదు. అరవై ఐదేళ్ళ మనిషి, అంతవరకు ఆసుపత్రి గడప తొక్కింది లేదు. పట్టుపురుగుల గదిలోకి అడుగుపెడితే వాసన బట్టి ఏ తట్టలో పురుగుకు జబ్బు తగిలిందో చెప్పగలిగేది గానీ, తన ఒంటి సంగతి మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. నొప్పి వచ్చినప్పుడు గోడ పట్టుకుని నిలబడేది. అది మొదట గమనించింది కోడలు హనుమక్క.

వాళ్ళది బేతమంగళకు ఐదు కిలోమీటర్ల దూరంలో, చెరువుకు అవతల ఉన్న పల్లె. రెండెకరాల రాగి చేను, బోరు కింద అరెకరం మల్బరీ, రెండు ఆవులు. హనుమక్కకు అప్పటికి నలభై ఏళ్ళు. పదహారో ఏట ఆ ఇంటి కోడలైంది. అప్పటినుంచి సొన్నమ్మ ఆమెను తిట్టని రోజు లేదు. కానీ ఇంకెవరైనా కోడల్ని ఒక మాటంటే మాత్రం, వాళ్ళింటికి పోయి వాకిట్లో నిలబడి అడిగి వచ్చేది. హనుమక్కకు ఉన్న ఒక్క కూతురికి లక్కూరులో పెళ్ళి చేశాక ఇంట్లో మిగిలింది అత్తా, కోడలూ, హనుమక్క భర్త మునియప్పా. మునియప్ప మాట తక్కువ మనిషి.

ఈ సంగతులు సగం నాకు హనుమక్కే చెప్పింది. మిగతా సగం మా మేనత్త దాక్షాయణి చెప్పింది. బంగారు గనుల ఊళ్ళో ఒక సర్కారు ఆసుపత్రిలో స్కాను గది ముందు చిన్న బల్ల వేసుకుని కూర్చునే గుమాస్తా ఆమె. ఎవరికి ఏ తేదీన స్కానో చీటీ మీద రాసి ఇవ్వడం, ఆ రోజున పేరు పిలవడం ఆమె పని. మా తాతకు బజారులో కిరాణా అంగడి ఉండేది. అంగడి వెనకాలే మా మేనత్త ఉండే ఇల్లు. అక్కడినుంచి ఆసుపత్రికి పది నిమిషాల నడక.

బేతమంగళలో ఇచ్చిన మాత్రలకు సొన్నమ్మ నొప్పి తగ్గలేదు. కళ్ళు పచ్చబడుతున్నాయని అనుమానం వచ్చి హనుమక్క ఆమెను ఆ సర్కారు ఆసుపత్రికి తీసుకువచ్చింది. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, స్కాను తీస్తే తప్ప ఏమీ చెప్పలేనంది. కాగితం పట్టుకుని ఇద్దరూ మా మేనత్త బల్ల దగ్గరికి వచ్చారు. ఆమె రిజిస్టరు తిప్పి, ఖాళీ ఉన్న పేజీ వెతికి, చీటీ రాసి ఇచ్చింది.

"ముందు రోజు రాత్రి తిన్నాక ఇంగ ఏమీ తినకూడదు. పొద్దున తొమ్మిదికంతా ఈడ ఉండాల."

"ఎప్పుడమ్మా? రేపా?"

"రేపు యాడ? ఇంగా ముప్పై ఎనిమిది దినాలు ఉండాది. స్కాను డాక్టరు వారానికి మూడు దినాలే వచ్చేది. దినానికి ఇరవై మందే."

"అంతదాకా ఈమె నొప్పికి ఏం చేసేదమ్మా?"

మా మేనత్త డాక్టరమ్మ రాసిన మాత్రల కాగితం చూపించి, వెనకాల ఉన్నవాళ్ళను రమ్మంది. ఆమె కఠినురాలు కాదు. కానీ రోజుకు ఇరవై మంది అదే ప్రశ్న అడిగితే మనిషి గొంతు అలాగే తయారవుతుంది.

ఆ ముప్పై ఎనిమిది రోజులు ఎలా గడిచాయో హనుమక్క నాకు వివరంగా చెప్పలేదు. అత్తకు నూనె, పాలమీగడ మాన్పించాననీ, నాలుగుసార్లు నొప్పి వచ్చిందనీ, ఒకసారి చలిజ్వరం కూడా తగిలిందనీ మాత్రం చెప్పింది. చీటీ చదవడం రాదు కాబట్టి పాల సంఘంలో పాలు కొలిచే తిమ్మప్పకు చూపించి, తేదీ దగ్గర పడిందా అని రెండు రోజులకొకసారి అడిగేది.

ఆ రోజు రానే వచ్చింది. వాళ్ళ పల్లెకు మొదటి బస్సు తొమ్మిదికి గానీ రాదు. అంతకుముందు బస్సు కావాలంటే బేతమంగళ దాకా ఐదు కిలోమీటర్లు నడవాలి. నొప్పి మనిషి, పైగా కడుపులో ఏమీ లేదు, ఎలా నడుస్తుంది? పల్లెలోనే బస్సెక్కి వాళ్ళు ఆసుపత్రి చేరేసరికి పదీ ఇరవై ఐదు.

"సొన్నమ్మ కదా? తొమ్మిదీ ఇరవైకి పిలిచినాను. ఎవరూ పలకలేదు," అంది మా మేనత్త.

"బస్సు ఇప్పుడే వచ్చిందమ్మా."

"పిలిచినప్పుడు లేకపోతే మళ్ళీ తేదీ తీసుకోవాల. రూలు అట్ల ఉండాది. నేనేం చేసేది?"

కొత్త చీటీ రాసింది. ఈసారి ముప్పై ఏడు రోజులు.

హనుమక్క బతిమాలింది. పక్కన ఇంకో ఆరేడుగురు కూడా అలాగే చీటీలు పట్టుకుని బతిమాలుతున్నారు. ఎవరి మాటా ఎవరికీ వినిపించడం లేదు. బస్టాండుకు తిరిగి వెళ్తుంటే సొన్నమ్మ కళ్ళు తిరిగి కూలబడింది. పూలమ్ముకునే ఒకామె పరుగెత్తుకొచ్చి నీళ్ళు చల్లింది. టీ అంగడివాడు చక్కెర కలిపిన గంజి ఇచ్చాడు. కాస్త తేరుకున్నాక సొన్నమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

"చాలు హనుమక్కా. ఇంగ నన్ను తిప్పొద్దు. ఇంట్లో పడి ఉండనీ."

హనుమక్క చూపు రోడ్డు మీద ఉంది. పన్నెండు కూడా కాలేదు. స్కాను డాక్టరు చంకలో గొడుగు, చేతిలో తోలు సంచీతో ఊరిగాం రైలు స్టేషను వైపు నింపాదిగా నడిచి వెళ్తున్నాడు. అంటే స్కాను గది తాళం పడింది. ఆ గది ముందు ఏడుగురు మనుషులు చీటీలతో నిలబడి ఉండడం ఆమె తన కళ్ళతో చూసి వచ్చింది. గది ఖాళీగా ఉంది, మనుషులు ఖాళీగా ఉన్నారు, మరి ఎందుకు కాలేదు? ఈ ప్రశ్న ఆమెను పట్టుకుంది.

ఇంటికి వచ్చి అత్తను పడుకోబెట్టి మునియప్పతో చెప్పింది.

"ఎల్లుండి నేను ఆసుపత్రికి పోతా ఉండాను. ఒక్కదాన్నే."

"నాలుగో జ్వరం లేస్తా ఉండాయి పురుగులు. ఆకు ఎవరు కోసేది?"

పట్టుపురుగు కుబుసం విడిచే ముందు తిండి మానేసి కదలకుండా ఉంటుంది. దాన్ని అక్కడివాళ్ళు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక పురుగు రాక్షసి ఆకలితో తింటుంది. ఆ వారం రోజులు ఇంట్లో ఒక్క చెయ్యి తగ్గినా కష్టమే.

"నువ్వే కొయ్యాల," అంది హనుమక్క.

"స్కాను గది ముందర పోయి కూచుంటే స్కాను చేస్తారా?"

"చెయ్యరు. ఎందుకు చెయ్యలేదో తెలుస్తాది."

మునియప్ప కొడవలి నూరుకోవడానికి లేచాడు. వాళ్ళింట్లో సరే అనడం అలాగే ఉండేది.

బుధవారం ఆమె చీకటితోనే పాలు పితికి, బేతమంగళ దాకా నడిచి, ఏడు గంటల బస్సు పట్టుకుని ఎనిమిదికల్లా స్కాను గది ముందు కూర్చుంది. కొంగులో రెండు గుప్పెళ్ళ అలసంద గింజలు తెచ్చుకుంది. మా మేనత్త పేరు పిలిచినప్పుడు ఎవరూ పలకకపోతే హనుమక్క ఒక గింజ తీసి ఎడమ పక్కన ముడి వేసేది. పిలిచి అయిపోయిన పేరు గల మనిషి తర్వాత రొప్పుతూ వస్తే ఒక గింజ కుడి పక్కన ముడి వేసేది. శుక్రవారం మళ్ళీ వచ్చింది. సోమవారం మళ్ళీ వచ్చింది. పక్కన కూర్చున్నవాళ్ళను ఒక్కొక్కరినే అడిగేది: ఏ ఊరమ్మా, ఏ బస్సప్పా, ఇది ఎన్నో చీటీ?

మూడో పూట మా మేనత్తకు ఒళ్ళు మండింది.

"ఏమ్మా, నీకు తేదీ వచ్చే నెల ఇచ్చినాను గదా. దినమూ వచ్చి సుమ్నే, ఊరికే కూచుంటే ముందుకు జరగదు."

"ముందుకు జరపమని రాలేదమ్మా. నువ్వు పిలిచేది లెక్కపెడతా ఉండాను."

"ఎందుకు?"

హనుమక్క లేచి వచ్చి బల్ల మీద కొంగు విప్పింది. మా మేనత్త రిజిస్టరు పక్కన గింజలు కుప్ప పోసింది.

"మూడు దినాలకు అరవై మందిని పిలిచినావు. పలకనోళ్ళు ఇరవై ఏడు మంది. ఈ కుప్ప ఆ ఇరవై ఏడు. వీళ్ళల్లో తరువాత వచ్చినోళ్ళు ఈ పక్క ఉండారు, ఎంచి చూడు. ఇరవై ఒక్కరు. అందరూ పదింబావుకీ పదిన్నరకీ నడుమ వచ్చినారు. అందరూ బస్సుల్లో వచ్చినోళ్ళే. సారు పదకొండుంబావుకంతా పని ముగించి పేపరు చదువుకుంటా ఉండాడు. చూసేదానికి సారు ఉండాడు, చూపించుకునేదానికి వీళ్ళు ఉండారు. నడుమ నువ్వు మళ్ళీ నెల తరువాత రమ్మని చీటీ రాస్తా ఉండావు. ఆ చీటీకీ వీళ్ళు ఇదే బస్సులో గదమ్మా వచ్చేది? మళ్ళీ పోతాది. ఇరవై ఏడు మంది మళ్ళీ మళ్ళీ నీ పుస్తకంలోకి వస్తా ఉంటే, కొత్తోళ్ళకు ముప్పై ఎనిమిది దినాలు కాక ఏమవుతాది?"

మధ్యాహ్నం గది మూసేశాక మా మేనత్త అన్నం డబ్బా విప్పకుండా రిజిస్టరు ముందేసుకుంది. రానివాళ్ళ పేరు పక్కన ఆమె ఎర్ర సిరాతో 'గైరు' అని రాసేది. మూడు నెలల పేజీలు తిప్పింది. ప్రతి పేజీలోనూ ఎనిమిది, తొమ్మిది, పది ఎర్ర మాటలు. అవి పేజీలో ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి గానీ, ఊళ్ళ పేర్లు చూస్తే బేతమంగళ వైపువో, అలాగే బస్సు దిగి రావలసిన ఇంకే పల్లెలవో. బజారువాళ్ళు, గని కూలీల వరుస ఇళ్ళలో ఉండే లైన్లవాళ్ళు ఎర్ర సిరాలో దాదాపు లేరు.

"ఎనిమిదేళ్ళు నేనే రాసినాను ఆ మాట," అని మా మేనత్త నాతో చెప్పింది. "పల్లెటూరోళ్ళకు టైము అంటే లక్ష్యం లేదని మనసులో తిట్టుకుంటా రాసినాను. నాకు ఆసుపత్రి పది నిమిషాలు. తొమ్మిదికి రమ్మంటే తొమ్మిదికి వచ్చేది కష్టమని నాకు తోచనే లేదు."

బుధవారం పొద్దున ఇద్దరూ కలిసి స్కాను డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టర్ శ్రీకంఠయ్యకు యాభై ఐదేళ్ళుంటాయి. బెంగళూరునుంచి రైల్లో వచ్చేవాడు. ఇక్కడ మూడు రోజులు, ఇంకో రెండు ఆసుపత్రుల్లో మిగతా రోజులు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"నేను తొమ్మిదికి మొదలుపెడతాను. మనుషులు లేకపోతే నేనేం చెయ్యాలి? పన్నెండూ నలభై రైలు తప్పిపోతే నాకు సాయంత్రం దాకా రైలు లేదు," అన్నాడు.

"మీ రైలు తప్పమని ఎవరు చెప్పినారు సార్?" అంది హనుమక్క. "పదకొండుంబావునుంచి రైలుకు పోయేదాకా మీరు ఈడనే ఉండారు. ఆ పొద్దు మాకు ఇయ్యండి. నడిచి వచ్చేటోళ్ళను తొమ్మిదికి పిలవండి. బస్సులో వచ్చేటోళ్ళను పదిన్నరకు పిలవండి. మీ ఇరవై మందీ ఇరవై మందే."

"దూరంనుంచి వచ్చేవాళ్ళను వెనక పెట్టారని రేపు ఎవరో ఒకరు అర్జీ పెడతారు."

"ఇప్పుడు ముందర పెట్టినారు గదా సార్, ఏమైంది? ఆకలితో వచ్చి ఆకలితో పోతా ఉండారు. మా అత్త బస్టాండు దారిలో పడిపోయింది."

శ్రీకంఠయ్య మా మేనత్త వైపు చూశాడు. ఆమె మూడు నెలల లెక్క రాసిన కాగితం బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు.

"మీ అత్తకు ఏమిటి బాధ?"

హనుమక్క చెప్పింది. చలిజ్వరం అనేసరికి ఆయన కాగితం మీదినుంచి తల ఎత్తాడు. "కళ్ళు పచ్చగా ఉన్నాయా? ఎల్లుండే తీసుకురా. లిస్టులో లేకపోయినా చూస్తాను."

తర్వాత ఆ రోజు గుర్తు చేసుకుంటూ హనుమక్క నాతో అంది: "నాది అయిపోతే నేను నోరు మూసుకుంటాననుకున్నాడేమో పాపం. నేను వద్దనలేదు. అత్త కడుపు నొప్పి పెట్టుకుని పంతాలకు పోయేదా? తీసుకొస్తాను సార్ అన్నాను. అని, మిగతావాళ్ళ సంగతి ఏం చేస్తారు అని మళ్ళీ మొదలుపెట్టినాను."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఒక నెల చూద్దాం," అన్నాడు.

శుక్రవారం సొన్నమ్మను బల్ల మీద పడుకోబెట్టారు. చల్లటి జిగురేదో పొట్ట మీద పూసేసరికి ఆమె ఉలిక్కిపడింది. హనుమక్క తెర వైపు చూసింది. బూడిద రాశిలో గాలి తిరుగుతున్నట్టు తప్ప ఆమెకేమీ తెలియలేదు. డాక్టరు మాట్లాడకుండా ఒకే చోట పదేపదే చూస్తున్నాడు.

"ఏం కనిపిస్తా ఉండాదప్పా నా కడుపులో?" అంది సొన్నమ్మ.

"రాళ్ళమ్మా. పిత్తాశయంలో చాలా ఉన్నాయి. ఒకటి జారి దారికి అడ్డం పడింది."

"గనులు పక్కనే గదా. బాగా చూడు, బంగారమేమన్నా ఉండాదేమో."

శ్రీకంఠయ్య నవ్వడం మా మేనత్త ఆ రోజే మొదటిసారి చూసిందట. బయటికి వచ్చాక మాత్రం హనుమక్కను పక్కకు పిలిచి నవ్వకుండా చెప్పాడు. అడ్డంపడ్డ రాయివల్ల లోపల చీము పడుతోంది, ఇంకో నెల ఆగితే బతకడం కష్టమయ్యేది, ఈ వారమే ఆపరేషన్ జరగాలి. బెంగళూరు పెద్దాసుపత్రికి ఉత్తరం ఆయనే రాసిచ్చాడు. పద్దెనిమిది రోజులు అక్కడ హనుమక్క నేల మీద పడుకుంది. సొన్నమ్మ సగం మనిషై తిరిగి వచ్చింది. వచ్చిన రోజే పురుగుల గదిలోకి వెళ్ళి, తట్టలు శుభ్రంగా లేవని కోడల్ని తిట్టింది. హనుమక్క వాకిట్లోకి వచ్చి కూర్చుని తనివితీరా ఏడ్చింది.

ఈలోగా ఆసుపత్రిలో మా మేనత్త పద్ధతి మార్చింది. చీటీ రాసే ముందు ప్రతి మనిషినీ అడిగేది: ఏ ఊరు, నడిచి వస్తారా, బస్సులో వస్తారా, బస్సు ఎన్నిటికి దిగుతుంది? బస్సువాళ్ళ చీటీ మీద మూలన ఒక గీత. తొమ్మిదికి పదకొండు మంది, పదిన్నరకు తొమ్మిది మంది. మొదటి వారం గందరగోళమే. గని లైన్లలో ఉండే ఒకాయన పొద్దున నిద్ర చెడుతుందని తనది బేతమంగళ అని చెప్పి గీత చీటీ తీసుకోబోయాడు. రెండు వీధుల అవతలి మనిషే, మా మేనత్త ఆయన్ను చిన్నప్పటినుంచీ ఎరుగును. ఇంకొకామె, పట్నంవాళ్ళకు ముందు, మాకు వెనకా అని నిజంగానే గొడవ పెట్టుకుంది. ఆమెకు బదులు చెప్పింది మా మేనత్త కాదు. అదే వరుసలో ఉన్న పల్లెవాళ్ళే. నెల తిరిగేసరికి ఒక పూటకు ఎర్ర సిరా రెండు మూడు పేర్లకు తగ్గింది. మూడు నెలలకు, కొత్త చీటీకి ఎదురుచూపు పదిహేను రోజులకు దిగింది. యంత్రం అదే. డాక్టరు అదే. రైలు కూడా అదే.

అంతటితో హనుమక్క ఇంటిపట్టున ఉండిపోయేదేమో. ఉండనివ్వనిది మునివెంకటమ్మ.

మునివెంకటమ్మ పక్క పల్లె మనిషి, యాభై ఏళ్ళుంటాయి. పద్ధతి మారాక కూడా ఆమె రెండుసార్లు రాలేదు. అంతకుముందు ఒకసారి బస్సు వల్ల పోయింది. మూడు చీటీలు, ఐదు నెలలు. మా మేనత్త పాల వ్యానువాడి చేత కబురు పంపితే హనుమక్క వాళ్ళింటికి వెళ్ళింది.

"ఏమక్కా, ఎందుకు పోలేదు?"

మునివెంకటమ్మ నేల చూస్తూ చెప్పింది. పద్ధతి మారాక మొదటిసారి, తేదీ దాటిపోయాక గానీ చీటీ చదివేవాళ్ళు దొరకలేదు. రెండోసారి తేదీ తెలుసు. కానీ కడుపు లోపలిది బొమ్మలాగ గోడ మీద అందరికీ కనబడుతుందని ఎవరో చెప్పారు. "మగోడు చూస్తాడంట గదా హనుమక్కా. నాకు సిగ్గయింది."

"నేను పక్కన నిలబడతాను. నా అత్తకు నిలబడినాను. దుప్పటి కప్పుతారు, దాక్షాయణమ్మ లోపలే ఉంటాది. నువ్వు రా."

అలాగే తీసుకువెళ్ళింది. గర్భసంచి పక్కన పెద్ద గడ్డ. శ్రీకంఠయ్య బెంగళూరుకు రాసిచ్చాడు. అక్కడ చూసి, కోసి ప్రయోజనం లేదన్నారు. దీపావళి ముందు మునివెంకటమ్మ చనిపోయింది.

చావుకు వెళ్ళి వచ్చిన మర్నాడు హనుమక్క స్కాను గదికి వెళ్ళి డాక్టరును సూటిగా అడిగింది.

"ఐదు నెలలు ముందర చూసి ఉంటే బతికేదా సార్?"

"కచ్చితంగా చెప్పలేనమ్మా. బతికి ఉండేదేమో," అన్నాడు.

ఆ 'ఏమో' అన్న మాట హనుమక్కకు ఒంట్లో దిగిన ముల్లులా ఉండిపోయింది. చీటీ సరిగ్గా రాస్తే చాలదని, ఆ చీటీ మనిషిని ఆసుపత్రి దాకా నడిపించాలని ఆమెకు అర్థమైంది. పాల సంఘం దగ్గర పొద్దున ఆరింటికి ఊరంతా చెంబులతో, క్యాన్లతో వరుసలో ఉంటుంది. ఆ ఊరికి అంతకన్నా పెద్ద సభ లేదు. తిమ్మప్ప పాలు కొలిచే బల్ల పక్కన ఆమె నిలబడేది.

"చీటీలు ఉండేటోళ్ళు చూపించండప్పా!"

తిమ్మప్ప తేదీలు చదివేవాడు. ఆమె మనసులో పెట్టుకునేది. తేదీకి రెండు రోజుల ముందు ఆ ఇంటికి వెళ్ళి చెప్పేది: పొట్ట స్కాను అయితే రాత్రి తిన్నాక ఏమీ వద్దు, చక్కెర జబ్బుంటే ముందే చెప్పు, కింది పొట్ట స్కాను అయితే నీళ్ళు బాగా తాగి ఉచ్చ ఆపుకుని రా. మగవాళ్ళకు కూడా అలాగే, ఆ మాటలతోనే చెప్పేది. మొదట్లో ఊరు నవ్వింది. "స్కాను హనుమక్క" అని పేరు పెట్టింది. హనుమప్ప అని ఊళ్ళో కాస్త పెద్దరికం ఉన్నాయన, ఆడమనిషికి ఇదేం పని, ఇంటింటికీ ఉచ్చ సంగతులు చెబుతా తిరుగుతుందని మునియప్పను నిలదీశాడు.

"నీ చీటీ ఏ తేదీకి ఉండాదో నాకు చెప్పు. ఆమెకు చెబుతాను," అన్నాడు మునియప్ప. హనుమప్పకు మూత్రపిండంలో రాయి ఉందని అప్పటికే పల్లెకంతా తెలుసు. మునియప్ప జీవితంలో అంత పొడుగు జవాబు ఎవరికీ ఇవ్వలేదని హనుమక్క గర్వంగా చెప్పుకునేది.

2001లో గనులు మూతపడ్డాయి. లైన్లు సగం ఖాళీ అయ్యాయి. మిగిలిన ఇళ్ళలో మగవాళ్ళు తెల్లవారుజామునే రైలెక్కి బెంగళూరు పనులకు పోవడం మొదలైంది. మరుసటి ఏడు శ్రీకంఠయ్య రిటైరయ్యాడు. ఆయన స్థానంలో వచ్చిన యువ డాక్టరు తొలి వారమే రెండు వరుసల పద్ధతి తీసేశాడు. అందరూ తొమ్మిదికే రావాలి, వచ్చిన వరుసలో చూస్తానన్నాడు. మా మేనత్త వాదించింది, ఆయన వినలేదు. మళ్ళీ పాల వ్యానులో కబురు వెళ్ళింది.

హనుమక్క ఈసారి గింజలు తేలేదు. పదిన్నర బస్సు దిగిన పద్నాలుగు మందిని వెంటపెట్టుకుని వచ్చి, వాళ్ళను కేకలు వేయకుండా గోడ వెంబడి కూర్చోమంది. డాక్టరు బయటికి వచ్చి ఇదేమిటని అడిగాడు.

"వీళ్ళు లేటుగా వచ్చినోళ్ళు కాదు సార్. ఇదే వాళ్ళ మొదటి బస్సు. మీరు ఒక్క దినం ఆ బస్సులో రండి. నేను మా ఊళ్ళో ఎక్కిస్తాను."

ఆయనకు కోపం వచ్చింది. గదిలోకి వెళ్ళిపోయాడు. ఆమె కదల్లేదు, ఆ పద్నాలుగు మందీ కదల్లేదు. పన్నెండింటికి తలుపు తీసి, ఒక్కొక్కరినే పంపమన్నాడు. ఆ రోజుకు పని జరిగింది గానీ పద్ధతి తిరిగి రాలేదు. దానికి ఇంకా నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో ఆమె తొమ్మిదిసార్లు వెళ్ళింది. ఒకసారి గేటు దగ్గరే ఆపేశారు. ఇంకోసారి పెద్ద డాక్టరు రమ్మని, మూడు గంటలు కూర్చోబెట్టి, వెళ్ళిపొమ్మన్నాడు. ఒక పంట పట్టుగూళ్ళు సరిగ్గా రాలేదు. గూడు కట్టుకునే వెదురు చంద్రికల మీదికి పురుగును ఎక్కించాల్సిన రోజు ఆమె ఆసుపత్రిలో ఉండిపోయింది. పదో సారి వెళ్ళేసరికి గోడ మీద కాగితం అతికించి ఉంది. మా మేనత్త చదివి వినిపించింది: దూరం ఊళ్ళవారికి పదిన్నరనుంచి. ఎవరు ఒప్పించారో ఇద్దరికీ తెలియదు. హనుమక్క తిరిగి చదవమంది. ఇంకోసారి చదివించుకుంది.

సొన్నమ్మ ఆపరేషన్ తర్వాత తొమ్మిదేళ్ళు బతికి, నిద్రలో పోయింది. మా మేనత్త రిటైరై బజారు ఇంట్లో ఉంది. ఆమెను చూడడానికి వెళ్ళినప్పుడే హనుమక్కను నేను మొదటిసారి కలిశాను. అరవై దాటిన మనిషి, నున్నగా దువ్వి ముడి వేసిన తెల్ల జుట్టు, గట్టి గొంతు. మెదడు, వెన్నెముక స్కాన్లకు మనుషుల్ని జిల్లా కేంద్రానికి పంపుతున్నారని, అక్కడ తేదీలు కంప్యూటరు ఇస్తుందని మా మేనత్తతో చెబుతోంది.

"కంప్యూటరు చెబితే ఇంగ ఎవరితో మాట్లాడేది అన్నాడమ్మా ఆడ కూచున్న పిలగాడు. దానికి చెప్పేటోడు ఒకడు ఉంటాడు గదా, వాడి పేరు చెప్పు అన్నాను."

"చెప్పినాడా?"

"లేదు. తెలీదంట. వచ్చే మంగళవారం మళ్ళీ పోతా ఉండాను. చిక్కవెంకటప్ప మనవరాలికి వెన్ను స్కాను. రెండున్నర నెలలకు ఇచ్చినారు. ఆ బిడ్డ నడవలేకుండా ఉండాది."

మా మేనత్త కాఫీ ఇచ్చింది. హనుమక్క నిలబడే తాగింది. నేను ఏం చదువుకున్నానని అడిగి, అక్కడి సర్కారు కాగితాల భాష కన్నడం రాయడం వచ్చా అని అడిగింది. వచ్చన్నాను. అయితే కూర్చో అంది. ఆ సాయంత్రం ఆమె చెప్పగా జిల్లా ఆరోగ్య అధికారికి అర్జీ నేనే రాశాను. మొదటిసారి రాసింది ఆమెకు నచ్చలేదు, బతిమాలుతున్నట్టు ఉందంది. రెండోసారి రాయించి, చదివించుకుని, కింద మెల్లగా, తనకు రాయడం వచ్చిన ఒక్క మాట, తన పేరు, అక్షరం తరువాత అక్షరంగా రాసి సంతకం చేసింది.